గుడ్డటాపు మోరిస్ కారు — కొనేముందు చూడవలసిన సంగతులు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ఇప్పుడే ముగిసింది. ఏ రాశివారికి ఆదాయమెంతో, వ్యయమెంతో శాస్త్రిగారు చదివి వినిపించారు. పాతకారు కొని బాగుచేయించుకొనేవారి రాశి ఏదైనా సరే, ఆదాయం సున్న, వ్యయం పద్నాలుగు అని వ్రాసుకోవచ్చును. అయినా మన సంఘంలో ఈ సరదా ఏటేటా పెరుగుతూనే ఉన్నది. అందులోను టాపు మడిచి వెనక్కి పెట్టుకొనే కారు అంటే కుర్రవాళ్ళకే కాదు, తల నెరిసినవారికీ మోజే. ఆదివారాలనాడు ఇట్టి బండ్లు చూడబోయే మా నలుగురైదుగురిని పిలిచి, మీరు చూచేదేమిటో నలుగురికీ చెప్పండి అని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. అన్ని కార్ల సంగతి చెప్పడానికి వేళ చాలదు గనుక ఒక్క మోరిస్ మైనర్ సంగతే మనవి చేస్తాము.

ఈ కారు పుట్టుక 1948. రూపకర్త అలెక్ ఇసిగోనిస్, తరువాత మినీ కారును కూడా ఆయనే కల్పించాడు. నమూనా బండి తయారైన తరువాత అది మరీ ఇరుకుగా కనబడుతున్నదని నిలువునా రెండుగా కోయించి, చూపుకు నప్పేదాకా ఆ రెండు సగాలను జరిపించాడట. నాలుగంగుళాల దగ్గర నప్పింది. బానెట్టు నడుమ ఈనాటికీ కనబడే బల్లపరుపు పట్టీ ఆ నాలుగంగుళాల గుర్తే. మన దేశంలో ఈ కారునే హిందూస్థాన్ మోటార్సువారు బేబీ హిందూస్థాన్ అనే పేరుతో అమ్మారు. తాతగారు నడిపిన బేబీ హిందూస్థాన్ ఫొటో ఏ గోడమీదనో తగిలించి ఉన్న ఇళ్ళు మనలో కొన్ని ఉండే ఉంటాయి. గుడ్డటాపు రకాన్ని మొదట టూరర్ అనేవారు, 1951లో కన్వర్టిబుల్ అని పేరు మార్చారు. 1969తో ఆ రకం తయారీ ఆగిపోయింది. కనుక ఇవాళ మీకు కనబడే ఏ గుడ్డటాపు మైనరుకైనా యాభై దాటినట్టే. ఈ యాభై ఏళ్ళ లెక్కతో తరువాత పని పడుతుంది.

ఇక బండి దగ్గరకు వద్దాము. ఇంటివారు మొదట ఇంజను చూపిస్తారు. స్టార్టు చేస్తే బుర్రుమంటుంది, మన గుండె కూడా దానితోబాటు బుర్రుమంటుంది. ఇంజను సంగతి కడపట చూడండి. ఇంజను చెడితే బాగుచేసేవాడు దొరుకుతాడు. బాడీ చెడితే మీ ఆస్తి కరిగిపోతుంది.

ఎందుకంటే ఈ కారుకు లారీకి ఉన్నట్టు కింద వేరుగా ఛాసిస్ చట్రం లేదు. రేకుల పెట్టే దానికి ఎముకలగూడు. ఒక అట్టపెట్టెను మూతతో సహా రెండు చివరలా పట్టుకొని మెలిపెట్టి చూడండి, గట్టిగా ఉంటుంది. మూత తీసి మెలిపెట్టండి, వంకర పోతుంది. పైకప్పున్న మైనరు మూతవేసిన పెట్టె, గుడ్డటాపు మైనరు మూతలేని పెట్టె. ఆ లోటు తీర్చడానికే కంపెనీవారు తలుపుల కింద నిడివిగా పోయే సిల్లులలో అదనపు పలకలు వేశారు, డాష్‌బోర్డు కింద రెండు ప్రక్కలా ఆనుకొనే బ్రాకెట్లు బిగించారు. అంటే కప్పు మోయవలసిన బరువంతా ఆ సిల్లులే మోస్తున్నాయి. తుప్పు మొదట పట్టేదీ అక్కడే.

దూరంగా నిలబడి తలుపు చుట్టూ ఉన్న సందు చూడండి. కిందికన్నా పైన సందు ఇరుకైతే నడుము వాలినట్టు లెక్క. బండి మధ్యలో కుంగితే రెండు స్తంభాల తలలూ ఒకదానివైపు ఒకటి వంగుతాయి, అప్పుడు తలుపు బిగుసుకుంటుంది. తరువాత యజమాని అనుమతితో ప్రక్కన జాకీ పెట్టి, తలుపు మూసే ఉంచి, మెల్లగా ఎత్తండి. ఎత్తేకొద్దీ సందు మారుతున్నదా? మారితే అక్కడితో ఆపి, జాకీ దింపి, మంచినీళ్ళు త్రాగి ఇంటికి రావచ్చును. జాకీ బండిని ఎత్తకుండా రేకులోకి దిగబడితే జవాబు ఇంకా త్వరగా తెలుస్తుంది.

కాళ్ళకింది తివాసీ తప్పక ఎత్తించాలి. టాపు గుడ్డ చిరిగిన బండి చింతచెట్టు కింద రెండు వానకాలాలు నిలబడిందంటే తివాసీ నీళ్ళు పీల్చి నెలల తరబడి వదలదు. పైన పొడిగా ఉంటుంది, కింద రేకు జల్లెడ. ముందు సీట్ల కింద అడ్డంగా పోయే దూలం ఒకటున్నది. ముందుచక్రాలకు స్ప్రింగులుగా పనిచేసే టార్షన్ బారుల వెనుక కొసలు ఆ దూలంలోనే నిలుస్తాయి. అది తుప్పు తిన్నదా, చాపకింద ఎంత నిగనిగలాడే పెయింటున్నా లాభం లేదు. వెనుక కమానుకట్టలు బాడీకి తగిలే చోటు కూడా బల్బు వెలుతురులో చూడాలి.

జేబులో ఒక చిన్న అయస్కాంతం ఉంచుకోండి. నలిగిన చేతిగుడ్డ చుట్టి ఆనిస్తే పెయింటు గీసుకుపోదు. రేకును అంటుకొనే అయస్కాంతం పుట్టీ మీద జారిపోతుంది. మడ్‌గార్డు అంచున కాస్త పుట్టీ ఉంటే క్షమించవచ్చు. సిల్లుల మీద ఉంటే మాత్రం ఎవరో ఏదో దాచారన్నమాట. కొత్తగా రంగు వేసిన బండికంటే రంగు వెలిసి, దుమ్ముపట్టి, పొడినేల షెడ్డులో పడివున్న బండే మాకు ఇష్టం. దుమ్ము అబద్ధమాడదు. ఇందులో సముద్రం మాట కూడా ఉన్నది. కోయంబత్తూరు షెడ్డులో పాతికేళ్ళున్న బండికీ, చెన్నపట్టణంలో సముద్రపు గాలికి పాతికేళ్ళున్న బండికీ పోలిక లేదు.

ఇక ప్రాణానికి సంబంధించిన సంగతి. మైనరు ముందుచక్రాన్ని పట్టివుంచేది మరలు గల ట్రన్నియన్. చక్రం తిరిగినప్పుడల్లా ఆ మరలమీదనే తిరుగుతుంది. గ్రీజు కొడుతూ ఉంటే తరాలు నిలుస్తుంది, మరచిపోతే మరలు అరిగి ఒకనాడు ఊడి, చక్రం బండి కిందికి మడతపడుతుంది. బండి తిప్పుతూ ఉండగానే జరుగుతుంది గనుక గేటు దగ్గరైతే నవ్వులాట, ట్రంకు రోడ్డుమీదైతే ఏమిటో చెప్పనక్కరలేదు. ముందు భాగం ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపి చూడండి. గ్రీజు నిపుళ్ళు ఎండిపోయి మట్టి కట్టి ఉన్నాయంటే ఊపనక్కరలేకుండానే తెలిసిపోయింది. బ్రేకుల మాస్టర్ సిలిండరు డ్రైవరు కాళ్ళకింద నేలలోపల ఉంటుంది. నిలిచిపోయిన బండిలో అది పట్టేసి ఉండడమే సహజం. కనుక బ్రేకులు బాగున్నాయన్న మాట నమ్మి నడిపి చూడకండి, లారీమీద తెచ్చుకోండి.

ఇంజను మొదట 918 సి.సి., 1952 నుంచి 803, 1956 నుంచి 948, 1962 నుంచి 1098. మొదటిది తప్ప మిగిలినవన్నీ ఏ-సిరీస్ కుటుంబమే, సామాన్లు నేటికీ ఇంగ్లండులో దండిగా దొరుకుతాయి. పట్టేసిన ఇంజనును తాడుకట్టి లాగించి స్టార్టు చేయబోకండి. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కాస్త నూనె పోసి, నాలుగు రోజులు ఉంచి, హ్యాండిలుతో చేత్తో తిప్పాలి. వైర్లను ఎలుకలు కొరికే ఉంటాయి, ఆ ఖర్చు ముందే కలుపుకోండి. ఈ బండ్లలో బ్యాటరీ ప్లస్సువైపు బాడీకి తగిలిస్తారు. ఇది తెలియని కుర్ర ఎలక్ట్రీషియను చేతిలో పెట్టకండి.

కిందటేడు మా వెంట ఒక యువకుడు వచ్చాడు, మన సంఘంవాడే. స్థలం కోసం దాచుకున్న డబ్బులో కొంత తీసి కారుకు పెట్టదలచాడు. ఇంటావిడ వయసు మళ్ళిన తెలుగావిడ. భర్తపోయి చాలాకాలమైంది, కంటి ఆపరేషనుకు డబ్బు కావాలి. గుడ్డటాపు బండ్లకు గొప్ప ధర పలుకుతుందని ఎవరో దళారీ ఆమెకు ఆశపెట్టాడు. “బాబూ, ఆయన దీన్ని పువ్వులా చూసుకొనేవారు, చూడండి” అని తాళంచెవి ఇచ్చింది. ఇంజను నిజంగా మంచిది. కాని బానెట్టు ఎత్తి ఇంజను వెనుక గోడమీది నంబరు పలక చదివితే ఎమ్.ఎ.2ఎస్. అని ఉన్నది. ఆ కాలపు గుడ్డటాపు బండికి ఎమ్.ఎ.టి. అని ఉండాలి. 2ఎస్. అంటే రెండు తలుపుల సెలూన్. డాష్‌బోర్డు కింద చేయిపెట్టి తడిమితే బ్రాకెట్లు లేవు. ఎప్పుడో ఎవరో సెలూన్ కప్పు రంపంతో కోయించి గుడ్డ కప్పించారు. ఆమెకు తెలియదు.

యువకుడు మాత్రం పట్టువదలలేదు. ధర తగ్గిస్తారు గదా, ఇంగ్లండునుంచి బిగింపు పలకలు తెప్పించి వెల్డు చేయిస్తే సరిపోదా అన్నాడు. అట్టి పలకలు దొరికే మాట నిజమే. కాని కేంద్రప్రభుత్వం 2021 జులైలో తెచ్చిన నిబంధనలు ఒక అడ్డు. మొదటి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండినే వింటేజి బండి అంటారు. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో గణనీయమైన మార్పు చేసినదానికి ఆ హోదా లేదు. కొత్తగా వింటేజి రిజిస్ట్రేషను చేయించడానికి 20,000 రూపాయలు, తిరిగి చేయించడానికి 5,000. నంబరులో వి.ఎ. అక్షరాలుంటాయి, పదేళ్ళు చెల్లుతుంది. ఇదివరకే రిజిస్టరయిన బండి పాత నంబరు నిలుపుకోవచ్చును. ఆ హోదా పొందిన బండిని ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలుకూ, మరమ్మతుకూ తీసుకుపోవచ్చునే గాని రోజూ ఆఫీసుకు నడపరాదు. కప్పు కోసిన బండికి ఆ తలుపు మూసుకున్నట్టే.

మేము అతనితో చెప్పిన మాటే ఆమెతోనూ చెప్పాము. కొనేవాడికి ఒకటి, అమ్మేవారికి ఒకటి చెప్పే పద్ధతి మాకు లేదు. ఇంజను, గేరుపెట్టె, తలుపులు, గ్లాసులు విడివిడిగా అమ్మితే ఏమాత్రం రావచ్చునో కాగితంమీద వ్రాసి ఇచ్చాము. కొంతసేపు మాట్లాడలేదు. “ముక్కలు చేయించలేను నాయనా” అన్నది. కన్ను ఆపరేషను తరువాత బంధువులు చేయించారు. బండి ఇప్పటికీ ఆ షెడ్డులోనే ఉన్నది. యువకుడు మరొకచోట, కప్పున్న సెలూనే కొన్నాడు. మాకైతే అదే మంచి బేరమనిపించింది.

కాగితాల మాట క్లుప్తంగా. ఆర్.సి.లో ఉన్న పేరెవరిది? ఆ మనిషి లేకపోతే, వారసులు ముప్పై రోజుల్లో ఆఫీసుకు తెలియజేసి, మూడు నెలల్లో తమ పేరుకు మార్చుకోవాలని నిబంధన. చాలా ఇళ్ళలో ఆ పని జరగలేదు. కనుక వారసులందరి సంతకాలూ వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి. అమెరికాలో ఉన్న ఒక కొడుకు సంతకం చాలు బేరం చెడడానికి. మనబోటి వలసవచ్చిన కుటుంబాలకు మరొక చిక్కు. బండి బెజవాడలోనో విశాఖలోనో రిజిస్టరయి ఉంటుంది. ఆ తరువాత 1953లో ఆంధ్రరాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ వచ్చాయి. పుస్తకం ఏ ఆఫీసులో ఉన్నదో వెదికించి, అక్కడినుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకొనే పూచీ అమ్మేవారిదా, కొనేవారిదా అన్నది ముందే వ్రాసుకోండి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు కాగితంలో ఉన్నట్టే బండిమీద కూడా ఉన్నాయేమో మీ కళ్ళతో చదవండి, ఫొటో తీసుకోండి.

ధర సంగతి అడుగుతారు. బండి ధర ఒక చీటీమీద, బాగుచేయించే ఖర్చు మరొక చీటీమీద వ్రాయించండి. రెండవ చీటీ వ్రాయవలసినది టింకరు, అమ్మేవాడు కాదు. పుదుపేటలో దొరికే సామాను ఏదో, ఇంగ్లండునుంచి రావలసినది ఏదో విడదీయించండి. రెండవ చీటీ మొదటిదానికి రెండింతలైతే మాత్రం కంగారుపడవద్దు, అది మామూలే. నాలుగింతలైతే ఇంట్లో ఆడవారికి ఆ చీటీ చూపి, వారేమంటే అది చేయండి.

అయస్కాంతం, స్క్రూడ్రైవరు, బ్యాటరీ లైటు, పాత దుప్పటి మా దగ్గర ఉన్నాయి. ఎవరైనా బండి చూడబోతే సంఘం గుమాస్తాగారి దగ్గర పేరు వ్రాయించండి, ఆదివారం ఉదయం ఎండ ముదరకముందే వస్తాము. కాఫీ మాత్రం మీదే.