నిల్ రిపోర్టు కూడా రిపోర్టే
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం డి.ఎస్. నకారా కేసులో 1982లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును స్మరించుకుంటాం. ఆ తర్వాత డి.ఎ. బకాయిల మీద మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నాతో, "బకాయిల సంగతి మిగతావాళ్ళు చూసుకుంటారు, మీరు ఏదైనా కొత్త విషయం చెప్పండి" అన్నారు. అందుచేత సాఫ్టువేరు పరిశోధన గురించి నాలుగు మాటలు చెప్పదలిచాను. నవ్వకండి. కొడుకో, కూతురో, అల్లుడో ఆ రంగంలో లేని ఇల్లు ఈ హాల్లో ఎన్ని ఉన్నాయి? మన పెన్షను బిల్లు తయారయ్యేదీ దాని మీదే గదా.

సాఫ్టువేరు రాయడం ఒక పని. ఎలా రాస్తే తప్పులు తగ్గుతాయి, ఏ పద్ధతి మేలు అని పరిశోధించడం వేరే పని. దానికి ప్రొఫెసర్లు, పత్రికలు, మహాసభలు అన్నీ ఉన్నాయి. ఒకరు చేసిన పరిశోధనను మరొకరు మళ్ళీ మొదటినుంచి చేసి సరిచూడటం, చూసినప్పుడు ఆ ఫలితం రాకపోతే "రాలేదు" అని రాసి ప్రకటించడం, ఈ రెండూ ఆ లోకంలో చాలాకాలం గౌరవం లేని పనులుగా ఉండిపోయాయి. నా ప్రసంగ విషయం ఇదే.

మన ఆఫీసుల్లో పై నుంచి వచ్చే సర్క్యులర్ల చివర ఒక వాక్యం ఉండేది, గుర్తుందా? "వివరములు లేనిచో నిల్ రిపోర్టు పంపవలెను." పంపకపోతే రిమైండరు, దానికీ పలకకపోతే మెమో. కొత్తగా చేరిన ఎల్.డి.సి. కుర్రాళ్ళు విసుక్కునేవారు, ఏమీ లేదని చెప్పడానికి కాగితం, కవరు, సర్వీసు స్టాంపు దండుగ కాదా అని. కాదు. పది మండలాల్లో మూడు "మా దగ్గర ఉన్నవి" అని రాసి, ఏడు నోరు మెదపకపోతే, ఆ ఏడింటిలో నిజంగా లేవో, అసలు రిజిస్టరే తెరవలేదో జిల్లా ఆఫీసులో కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది?

విద్వాంసుల లోకంలో ఈ నియమం లేకపోయింది. రాబర్ట్ రోసెంథాల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1979లో దీనికి "ఫైలు సొరుగు సమస్య" అని పేరు పెట్టాడు. పేరు వినగానే ఈయన మన శాఖవాడే అనిపించింది నాకు! ఒకే ప్రశ్న మీద ఇరవై మంది వేరువేరుగా పనిచేశారనుకోండి. అసలు సంగతేమీ లేకపోయినా, వాళ్ళు సాధారణంగా పెట్టుకునే కొలత ప్రకారం ఒకరికి కేవలం యాదృచ్ఛికంగా "ఫలితం" వచ్చే వీలుంది. అది అచ్చవుతుంది. మిగతా పందొమ్మిదీ సొరుగుల్లోకి పోతాయి. చదివేవాడికి ఆ ఒక్కటే లోకం.

సాఫ్టువేరులో దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ 1986 నాటిది. ఒకే ప్రోగ్రామును వేరువేరు మనుషుల చేత విడివిడిగా రాయించి, అన్నిటినీ కలిపి నడిపి, ఎక్కువమంది చెప్పిన జవాబు తీసుకుంటే ప్రమాదం ఉండదని ఒక పద్ధతి ప్రచారంలో ఉండేది. విడిగా రాస్తారు కాబట్టి తప్పులు కూడా విడివిడిగానే వస్తాయి, అందరూ ఒకేచోట తప్పరు అన్నది దాని పునాది. జాన్ నైట్, నాన్సీ లెవ్సన్ అనే ఇద్దరు ఈ పునాదినే పరీక్షకు పెట్టారు. వర్జీనియా, కాలిఫోర్నియాలలోని రెండు విశ్వవిద్యాలయాల విద్యార్థుల చేత ఒకే సమస్యకు 27 ప్రోగ్రాములు రాయించారు. ఒక్కొక్కదాన్నీ పది లక్షల ప్రశ్నలతో పరీక్షించారు. విడివిడిగా చూస్తే అన్నీ బాగా రాసినవే, ఆరింటిలో ఒక్క తప్పూ పడలేదు. కాని తప్పినవి ఒకే ప్రశ్న దగ్గర కలిసి తప్పడం, యాదృచ్ఛికంగా జరగవలసినదానికంటే చాలా ఎక్కువసార్లు జరిగింది. ఆ పద్ధతిని నమ్ముకున్నవారికి కోపాలొచ్చాయి, విమర్శలు వచ్చాయి. వాటికి ఆ ఇద్దరూ 1990లో వివరంగా అచ్చులో జవాబిచ్చారు.

నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఓచర్ల మొత్తాన్ని ఇద్దరు గుమాస్తాలు ఎవరికి వారే కూడాలని నియమం. ఒకసారి ఇద్దరి మొత్తమూ ఒకటే వచ్చింది, బ్యాంకు లెక్కతో మాత్రం టాలీ కాలేదు. చూస్తే ఒక ఓచరు మీద అంకె కొట్టివేసి పైన చిన్నగా దిద్ది ఉంది. ఇద్దరూ కొట్టివేసిన అంకెనే కూడారు. మనుషులు ఇద్దరైనా గుంట ఒకటే కదా! విమానం నడిపే ప్రోగ్రాము దగ్గర ఇలాంటిది జరిగితే ఏమవుతుందో ఆలోచించండి. ఆ ఇద్దరూ "ఈ నమ్మకం నిలవలేదు" అని రాసి ఉండకపోతే, మూడు ప్రోగ్రాములు పెట్టాం కాబట్టి నిశ్చింత అని ఎందరు పడుకునేవారో.

రెండో ఉదాహరణ ఇటీవలిది. మన పిల్లలు సి, జావా, పైథాన్ అని ఏవో భాషల పేర్లు చెబుతుంటారు. ఏ భాషలో రాస్తే తప్పులు తక్కువ? 2014లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖకు చెందిన పరిశోధకులు 17 భాషల్లో రాసిన 729 ప్రాజెక్టులను తీసుకుని లెక్కలు కట్టారు. కొన్ని భాషలకూ తప్పులకూ సంబంధం కనిపించిందని, ఆ ప్రభావం చిన్నదేనని రాశారు. చిన్నదన్న మాట వాళ్ళే రాశారు, అది వారి నిజాయితీ. అయితే తర్వాత ఉదహరించిన వాళ్ళు చాలామంది ఆ మాట వదిలేసి, ఫలానా భాష గొప్పదని తేలిందని చెప్పుకుంటూ పోయారు.

2019లో ఎమెరీ బర్గర్, యాన్ వితెక్, మరి ముగ్గురు కలిసి అవే లెక్కలు మళ్ళీ తీశారు. ఆడిట్ పార్టీ వచ్చినట్టే! టైప్‌స్క్రిప్ట్ అనే భాష 2012 అక్టోబరులో బయటికి వచ్చింది. లెక్కల్లో మాత్రం అది పుట్టక ముందే దానిలో పని జరిగినట్టు నమోదై ఉంది. సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ కంటే ముందు చేరిన తేదీ ఉన్నట్టన్నమాట. కారణమేమంటే ఆ భాష ఫైళ్ళ పేరు చివర ఉండే రెండక్షరాలే, మరో రకం ఫైళ్ళ చివర కూడా ఉంటాయి. అవి ప్రోగ్రాములే కావు, తెర మీద కనిపించే మాటలను వేరే దేశాల భాషల్లోకి అనువదించి పెట్టుకున్న ఫైళ్ళు. యంత్రం రెండింటినీ ఒకే కట్టలో కట్టేసింది.

ఇంకొకటి. ఏది తప్పు దిద్దడం, ఏది మామూలు మార్పు అన్నది ఎలా తేల్చారు? మార్పు చేసినవాడు పక్కన రాసిన నోటులో "దిద్దాను", "తప్పు", "లోపం" వంటి అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలు ఉన్నాయా అని యంత్రం చేత వెతికించారు. అలాగైతే ఎవరో ఖాళీలు సరిచేసి "అమరిక దిద్దాను" అని రాసినా తప్పుల పద్దులోకే పోతుంది. అన్నీ సరిచూసి కూడితే, మొదట సంబంధం ఉందన్న 11 భాషల్లో నాలుగే మిగిలాయి, వాటిలోనూ తేడా అత్యల్పం. మొదటివారు దీనికి జవాబు రాశారు, వీరు జవాబుకు జవాబు రాశారు. ఆడిట్ పారాకు సమాధానం, దాని మీద మళ్ళీ రిమార్కు, మనకు తెలియనిదా! నా దృష్టిలో ఇందులో మొదటివారికి అవమానమేమీ లేదు. వారు తమ లెక్కలు పంచుకోబట్టే సరిచూడటం సాధ్యమైంది. లెక్క చూపించనివాడిని ఏ ఆడిటరూ పట్టుకోలేడు.

మరో మాట కూడా మీ పిల్లల ద్వారా వినే ఉంటారు, ఒక ప్రోగ్రామరు ఇంకొకరికి పదింతలో ఇరవై ఇంతలో పని చేస్తాడని. 1968లో అచ్చయిన ఒక అధ్యయనంలో 12 మంది అనుభవజ్ఞులను చూసి 28కి 1 అన్న తేడా చెప్పారు. లుట్జ్ ప్రెషెల్ట్ అనే జర్మన్ పరిశోధకుడు 1999లో దాన్ని తిరగేసి, వేరువేరు పరిస్థితుల్లో పనిచేసిన వారిని పక్కపక్కన పెట్టడం వల్ల ఆ అంకె అంత పెద్దదైందని చూపించాడు. అప్పటికే ముప్పై ఏళ్ళుగా ఆ అంకె తిరుగుతోంది. ఇంక్రిమెంట్ల దగ్గర ఇటువంటి అంకెలు ఎవరి మెడకు చుట్టుకుంటాయో వేరే చెప్పనక్కరలేదు.

ఇదంతా నాకెందుకు పట్టిందంటే, మా పెద్దమ్మాయి కూతురు ఇదే శాస్త్రంలో పరిశోధన చేస్తోంది. రెండేళ్ళు కష్టపడి ఒక పాత ప్రయోగాన్ని మళ్ళీ చేసింది. పాత ఫలితం రాలేదు. పత్రికకు పంపితే "ఇందులో కొత్త విషయమేమీ లేదు" అని తిరిగొచ్చింది. ఇంట్లో వాళ్ళు "రెండేళ్ళు పోయాయి" అన్నారు. పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దమనిషి ఒకరు, "అమ్మాయి కనిపెట్టిందేమిటండీ?" అని అడిగారు. అది నాకు ఫోను చేసి, "తాతయ్యా, నేను కనిపెట్టింది లేదనే" అంది. "నువ్వు పంపింది నిల్ రిపోర్టమ్మా, నలభై ఏళ్ళు నేను పంపించినదీ అదే" అన్నాను. కాస్త నవ్వింది.

అయితే న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. మన రోజుల్లో రిజిస్టరు తెరవకుండానే నిల్ రాసి పంపినవాళ్ళూ ఉన్నారు. పరిశోధనలోనూ అంతే. పదిమంది విద్యార్థులతో ఒక పూట పరీక్ష చేసి "తేడా లేదు" అంటే, తేడా లేదని అర్థం కాదు, చూడటానికి చాలినంత వెతకలేదని అర్థం కావచ్చు. ఎంతమందిని చూశారు, ఎంత తేడా ఉంటే కంటపడేది అని చెప్పిన నిల్‌కే విలువ. మా అమ్మాయిని నేను మొదట అడిగింది అదే. లెక్కలన్నీ పంపించింది, సగం నాకర్థం కాలేదు గాని, దాచినట్టు మాత్రం లేవు.

పరిస్థితి కొంత మారుతోంది. ఎంపిరికల్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ అనే పత్రిక 2017లో ఇలాంటి "రాలేదు" ఫలితాలకే ప్రత్యేక విభాగం వేసింది. కొన్ని మహాసభల్లో వీటికి వేరే వరస పెట్టారు. 2020 నుంచి ఇంకో పద్ధతి కూడా వచ్చింది. లెక్కలు సేకరించకముందే పథకాన్ని పంపి ఆమోదం తీసుకోవచ్చు, దాని ప్రకారం చేస్తే ఫలితం ఏదైనా అచ్చువేయడానికి అది అడ్డురాదు. పరిపాలనా మంజూరు ముందు, పని తర్వాత అన్న మన పాత పద్ధతే.

మా మనవరాలు తన పేపరును తిరగరాసి, అటువంటి వరసకే మళ్ళీ పంపింది. ఇంకా పరిశీలనలో ఉందట. మూడు నెలలైంది గదా, రిమైండరు వెయ్యమన్నాను. అక్కడ అలా వెయ్యకూడదంటుంది. కార్యదర్శిగారు గంట కొడుతున్నారు, సెలవు.