విశ్వవిద్యాలయ క్రీడలు: లెక్కకు రాని పరుగులు



సిద్దిపేట ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చదువుకొనుచు, సాయంకాలము మైదానమున పరుగు సాధన చేయు విద్యార్థినికి ప్రపంచ పోటీలకు పోవు దారి ఒకటి కలదు. మొదట కళాశాలల మధ్య పోటీ. అందులో నెగ్గినచో ఉస్మానియా విశ్వవిద్యాలయ జట్టులో స్థానము. ఆపైన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు. అచ్చట రాణించి ఎంపికైనవారికి ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలు. ఒలింపిక్ క్రీడల పేరు వినని ఇల్లు లేదు కాని, ఈ క్రీడల పేరు విద్యార్థులలోనే పెక్కుమందికి తెలియదు.

1923లో ఫ్రెంచివాడైన ఝాఁ పెతిజాఁ పారిస్ నగరములో విద్యార్థులకు అంతర్జాతీయ పోటీలు ఏర్పాటు చేసినాడు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము విద్యార్థి లోకము కూడ తూర్పు, పడమరలుగా చీలినది. ఎవరి పోటీలు వారివైనవి. 1949లో అంతర్జాతీయ విశ్వవిద్యాలయ క్రీడా సమాఖ్య వెలసినది. 1959లో ఇటలీ దేశస్థుడు ప్రీమో నెబియోలో పూనికతో ట్యూరిన్‌లో 'యూనివర్సియాడ్' జరిగి, ఉభయ పక్షములవారిని ఒక్క మైదానమునకు చేర్చినది. అచ్చట విజేతలకు జాతీయగీతములు వాయించుటకు మారుగా, 'గౌదెయాముస్' అను ప్రాచీన విద్యార్థి గీతమును వాయించినారు. గెలుపు దేశానిదే కాక విద్యార్థి లోకానిది కూడ అని దాని భావము.

ఈ క్రీడలు సాధారణముగా రెండేండ్లకొకసారి జరుగును. 2021లో జరుగవలసిన పోటీలు కోవిడ్ కారణముగా 2023లో చైనాలోని చెంగ్డూలో జరిగినవి. మన దేశము 11 స్వర్ణములతో మొత్తము 26 పతకములు గెలిచినది. అందులో ఒక కాంస్యము విశాఖపట్నపు జ్యోతి యర్రాజీది. నూరు మీటర్ల హర్డిల్స్‌లో పది అడ్డంకులను దాటి, 12.78 సెకన్లలో గమ్యము చేరి ఆమె జాతీయ రికార్డు స్థాపించినది. పారిస్ ఒలింపిక్ అర్హతకు కావలసినది 12.77. సెకనులో నూరవ వంతు తక్కువైనది! అయినను ప్రపంచ ర్యాంకు ద్వారా 2024లో ఆమె పారిస్‌లో పరుగెత్తగలిగినది.

ఆమె కథలో మనము గమనింపదగినది మరొకటి కలదు. 2002 నుండి అనురాధా బిస్వాల్ పేర నున్న 13.38 సెకన్ల రికార్డును జ్యోతి 2020లోనే మూడబిద్రిలో, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలలో, 13.03 సెకన్లతో దాటినది. కాని అది లెక్కకు రాలేదు. మాదకద్రవ్య పరీక్ష జరుగలేదు; క్రీడా సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అచ్చట లేడు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09లో పరుగెత్తినది. వెనుక గాలి వేగము సెకనుకు రెండు మీటర్లు మించరాదని నియమము, ఆనాడు 2.1 ఉన్నది. అదియు లెక్కకు రాలేదు. తుదకు మే 10న సైప్రస్‌లోని లిమాసోల్‌లో పరుగెత్తిన 13.23 రికార్డుగా నమోదైనది.

గాలి ఎవరి చేతిలోను లేదు. కాని పరీక్షకుని రప్పించుట, ప్రతినిధిని పిలుచుట పెద్దల చేతిలోని పనులు. 2025లో జర్మనీలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలకు మన బ్యాడ్మింటన్ జట్టు 12 మందితో వెళ్లినది. పేర్లను సక్రమముగా సమర్పించుటలో అధికారులు పొరబడినందున జట్టు పోటీలో ఆరుగురికే ఆడు అవకాశము దక్కినది. జట్టుకు కాంస్యము లభించినది గాని, మిగిలిన ఆరుగురు విద్యార్థులకు అందులో ఆడు భాగ్యము కలుగలేదు.

ఈ పోటీలకు వయఃపరిమితి సాధారణముగా 18 నుండి 25 ఏండ్లు. ఒక విద్యార్థికి ఇట్టి అవకాశము మాటిమాటికి రాదు. కావున తల్లిదండ్రులకు నా మనవి: వయసు పత్రము, ప్రవేశ పత్రము, పాల్గొన్న పోటీల ధ్రువపత్రము భద్రపరచుడు. జట్టు పేర్లు పంపు గడువెప్పుడో కళాశాల వ్యాయామోపాధ్యాయుని ముందుగనే అడుగుడు. ఉపాధ్యాయులకును ఒక మాట: స్టాప్‌వాచీ ఎంత ముఖ్యమో, దాని పక్కనున్న రిజిస్టరును అంత ముఖ్యము. పరుగెత్తుట పిల్లల పని. ఆ పరుగు లెక్కకు వచ్చునట్లు చూచుట మన పని.