బండికి తాళము, తుపాకికి బాధ్యత
(పంచాయతి సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయము మీరు మంచినీటిని గూర్చియు, పారిశుద్ధ్యమును గూర్చియు చర్చించితిరి. ఇపుడు నేను చెప్పవలసిన విషయము దొంగతనము. వాహనముల దొంగతనము, దానినుండి ఆస్తిని కాపాడుకొను మార్గములు, ఆత్మరక్షణకై ఆయుధము పట్టువాని బాధ్యత, ఈ మూడింటిని గూర్చి మీతో ముచ్చటింపదలచితిని.

పూర్వము రైతు ఇంట కదలెడి ఆస్తి యనగా ఎద్దుల జత. దొంగ తోలుకొనిపోయినను గిట్టల జాడ నేలమీద మిగిలెడిది. ఎద్దు తన యజమానిని గుర్తుపట్టెడిది. నేడు ఆ స్థానమున మోటారు సైకిలు, ఆటో, ట్రాక్టరు వచ్చినవి. వీనికి యజమానితో పనిలేదు. తాళపుచెవి యెవరి చేత నున్న వానివెంట పోవును. తెల్లవారునప్పటికి జిల్లా దాటిపోవును. బండి పోయినను అప్పు వాయిదాలు ఆగవు. ఆటో పోయిన ఇంట మరునాటి కూలి పోవును, పిల్లవాని ఫీజు నిలిచిపోవును. కావున బండి పోయినవాని కోపము మనకు అర్థమగుచునే యున్నది. అయితే ఆ కోపము ఎంత దూరము పోగలదో నేను కన్నులార చూచితిని.

కొన్ని సంవత్సరముల క్రిందట ప్రచార కార్యక్రమమునకై ఒక గ్రామమునకు పోయి, ప్రొద్దుపోవుటచే అచటనే పండుకొంటిని. అంతకు పక్షము రోజుల ముందు ఆ ఊర రెండు మోటారు సైకిళ్లు పోయినవి. నడిరేయి "దొంగ! దొంగ!" అను కేకలు వినబడినవి. లేచి పరుగెత్తి చూడగా, రావిచెట్టు క్రింద ఒక యువకుడు నేల కూలబడియున్నాడు. ప్రక్కన ఒక మోటారు సైకిలు పడియున్నది. నలువది మంది చుట్టును మూగియున్నారు. కొందరి చేతులలో కర్రలు కలవు. అడవిపందుల కొరకు దాచిన నాటు తుపాకి తెచ్చుటకు ఒకడు ఇంటికి పరుగెత్తెను. ఆ యువకునికి మన భాష రాదు. అతడేమి చెప్పినను ఎవరికిని తెలియుట లేదు. తెలియని ప్రతి మాటయు నేరమునకు రుజువై కూర్చున్నది.

అపుడు ఆ ఊరి వార్డు సభ్యురాలు గుంపును త్రోసికొని ముందుకు వచ్చినది. "ఆగండయ్యా! ముందు బండి నంబరు చూడండి. మన ఊళ్లో పోయిన బండేనా ఇది?" అని అడిగినది. ఎవరును అంతవరకు చూడలేదు. టార్చి వేసి చూచిరి. అది ఆ ఊరి బండి కాదు. యువకుని జేబులోని కాగితముపై ఒక ఫోను నంబరు కలదు. దానికి ఫోను చేయగా, పొరుగూరి ఇటుక బట్టీ మేస్త్రీ పలికెను. యువకుడు ఒడిశానుండి వచ్చిన కూలి. బండి మేస్త్రీదే. పెట్రోలు అయిపోగా నడిపించుకొని పోవుచుండెను. తుపాకికి పోయినవాడు అప్పుడే తిరిగివచ్చెను. ఆమె ఆ ప్రశ్న అడుగుట ఇంకొక అయిదు నిమిషములు ఆలస్యమైయున్న యెడల ఏమి జరిగెడిదో మీరే యోచింపుడు.

ఇది ఒక్క ఊరి మాట కాదు. 2018 మే నెలలో దొంగల ముఠాలు, పిల్లల నెత్తుకుపోవువారు తిరుగుచున్నారని ఫోనులలో పుకార్లు వ్యాపింపగా, తెలంగాణలోను ఆంధ్రప్రదేశ్‌లోను గుంపులు అపరిచితులపై పడినవి. నిరపరాధుల ప్రాణములు పోయినవి.

ఇక దొంగతనము జరుగు తీరును చూతము. దొంగ బలమును నమ్ముకొనడు, మన అజాగ్రత్తను నమ్ముకొనును. టీ త్రాగుటకు దిగినపుడు ట్రాక్టరునకు తాళపుచెవి వదలుట, పొలము గట్టున మోటారు సైకిలు హాండిలు తాళము వేయకుండుట, సంతనాడు బండి నెచటనో నిలిపి మరచుట, ఇవి ఆతనికి పిలుపులు. రాత్రులందు ట్రాక్టరు బ్యాటరీలు పోవుచుండుట మీరెరిగినదే. కారు అద్దము పగులగొట్టి సీటుపైనున్న సంచిని, మోటారు సైకిలు డిక్కీ తెరచి అందలి నగదును అపహరించుట మరియొక విధము. గుంటూరు మిరపయార్డులోనో, వరంగల్లు ఏనుమాముల మార్కెట్టులోనో సరకు అమ్మిన రైతు బ్యాంకులో డబ్బు తీసికొని బయటికి వచ్చును. ఒకడు ఆతనిని బ్యాంకులోనే గమనించును. చక్రమున గాలి తీయును; లేదా కొన్ని నోట్లు నేలపై జారవిడచి "నీ డబ్బు పడిపోయింది" అనును. రైతు వంగి చూచునంతలో సంచి మాయమగును.

దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. హాండిలు తాళమునకు తోడు చక్రమునకు గొలుసు తాళము వేయుడు. నగదును డిక్కీలో నుంచకుడు. వీలైనంత బ్యాంకు ఖాతాకే జమ చేయించుకొనుడు. నగదు తప్పనిసరియైనచో మరియొకరిని తోడు తీసికొనిపొండు. రిజిస్ట్రేషను నంబరు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, ఈ మూడింటిని ఒక కాగితముపై వ్రాసి ఇంట దాచుడు. మూడవ పక్షపు బీమా చట్టప్రకారము తప్పనిసరి. కాని బండి పోయినచో అది పరిహార మీయదు. దొంగతనమునకు పరిహారము కావలెనన్న సమగ్ర బీమా ఉండవలెను. కాగితములు లేని బండి చవుకగా దొరకెనని కొనకుడు. దొంగసొత్తని తెలిసి కొన్నవారికి 3 సంవత్సరముల వరకు శిక్ష కలదు.

బండి పోయెనని తెలిసినతోడనే 112కు ఫోను చేయుడు. పిమ్మట ఠాణాకు పొండు. "ఇది మా పరిధి కాదు" అని త్రిప్పి పంపుటకు వీలులేదు. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, నేరము ఎచట జరిగినను ఏ ఠాణాలోనైనను సమాచార మీయవచ్చును. ఫోను ద్వారానో, కంప్యూటరు ద్వారానో పంపినచో 3 దినములలో సంతకము చేయవలెను. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితముగా ఇత్తురు. నమోదు చేయనియెడల జిల్లా పోలీసు సూపరింటెండెంటునకు తపాలా ద్వారా వ్రాయవచ్చును. బీమా సంస్థకును ఆలస్యము చేయక తెలుపవలెను.

ఇక దొంగ ఎదుట పడినపుడు మన హక్కేమి? ఆత్మరక్షణ హక్కును చట్టము స్పష్టముగా అంగీకరించినది. భారతీయ న్యాయ సంహితలో 34నుండి 44వరకు గల సెక్షనులు దీనికి సంబంధించినవే. తన శరీరమును, ఇతరుల శరీరమును, ఆస్తిని కాపాడుకొను హక్కు అందరికిని కలదు. అయితే ఆ హక్కునకు రెండు గట్లున్నవి. అధికారుల సహాయము పొందుటకు వ్యవధి యున్నపుడు ఆ హక్కు లేదు. రక్షణకు ఎంత అవసరమో అంతకు మించి హాని చేయరాదు.

దీనిని మూడు ఉదాహరణములతో చెప్పుదును. వీధిలో నిలిపిన బండిని ఒకడు తోసికొని పోవుచున్నాడు. వాని చేత ఆయుధము లేదు; వాడెవరిని బెదిరించుట లేదు. వానిని అడ్డగింపవచ్చును, బండిని లాగికొనవచ్చును. వాని ప్రాణము తీయు హక్కు మాత్రము లేదు. రెండవది: నిర్జనమైన దారిలో కత్తి చూపి బండి నాపి మీదపడినాడు, ప్రాణభయము నిజముగా కలిగినది. అపుడు ఆత్మరక్షణ హక్కు విస్తృతమగును; తప్పనిసరియైనచో ఎదుటివాని మరణమునకు దారితీసినను చట్టము మన్నించును. మూడవది: దొంగ చిక్కినాడు, చెట్టునకు కట్టివేసినారు. ఆ క్షణముతో ఆత్మరక్షణ ముగిసినది. ఆపై వేసిన ప్రతి దెబ్బయు నేరమే.

మన ఎదుట దొంగతనము చేసినవానిని పట్టు అధికారము సామాన్య పౌరునకు కూడ కలదు. కాని ఆలస్యము చేయక, ఎట్టి పరిస్థితిలోను 6 గంటలలోపల, పోలీసులకు ఒప్పగింపవలెను. భాషను బట్టియో, పుట్టిన చోటును బట్టియో, కులమును బట్టియో అయిదుగురు లేక అంతకు మించినవారు కలిసి ఒకని చంపినచో, వారిలో ప్రతివానికిని మరణశిక్ష గాని యావజ్జీవ కారాగారము గాని విధింపబడును. "నేను ఒక్క దెబ్బయే కొట్టితిని" అనుట సమాధానము కాదు.

తుపాకి మాటకు వచ్చెదను. "ఇంట తుపాకి యున్న దొంగలు రారు గదా!" అని పలువురు నన్నడిగిరి. యోచింపుడు. నిద్రనుండి లేచి, తుపాకి వెదకి, తూటా వేయునంతలో బండి ఊరు దాటును. చీకటిలో కదలెడి నీడ దొంగదో, ఆలస్యముగా ఇల్లు చేరిన కొడుకుదో నిద్రమత్తులోని కన్నులు చెప్పజాలవు. బండి మరల కొనవచ్చును. ప్రయోగించిన తూటాను మరల పిలువలేము. ప్రాణమునకు నిజమైన ముప్పు గలవారు, ఏకాంత ప్రదేశములలో నివసించువారు, పంటను జంతువులనుండి కాపాడుకొనవలసినవారు ఆయుధమును కోరుట తప్పుకాదు. అట్టివారికి చట్టము దారి చూపినది.

ఆ చట్టము 1959లో చేయబడి 1962 అక్టోబరు 1నుండి అమలులోనికి వచ్చినది. లైసెన్సు లేక తుపాకి ఉంచుకొనరాదు. 21 సంవత్సరములు నిండియుండవలెను. గ్రామ ప్రాంతములలో జిల్లా యంత్రాంగమునకు దరఖాస్తు చేయవలెను. పోలీసు నివేదిక వచ్చిన పిమ్మటనే నిర్ణయము జరుగును. 2016 నాటి నియమములు ఆయుధ భద్రతలో శిక్షణ పొందవలెనని చెప్పుచున్నవి. 2019 సవరణ తరువాత ఒకరు రెంటికి మించి తుపాకులు ఉంచుకొనుటకు వీలులేదు. లైసెన్సు వ్యవధి 5 సంవత్సరములు.

లైసెన్సు కాగితము వచ్చినంతమాత్రమున బాధ్యత తీరదు. అచటనే మొదలగును. తుపాకిని తూటాలు తీసివేసి తాళము వేసిన పెట్టెలో నుంచవలెను. తూటాలను వేరొకచోట, వేరొక తాళము క్రింద నుంచవలెను. రెండు తాళపుచెవులును లైసెన్సుదారు చేతనే యుండవలెను. తుపాకి చేత పట్టినప్పుడెల్ల అందు తూటా ఉన్నదనియే భావింపుడు. గొట్టమును ఎవరివైపును త్రిప్పకుడు. మద్యము పుచ్చుకొన్నవాడు తుపాకిని తాకనేకూడదు. పెండ్లి ఊరేగింపులలో సంబరమునకై కాల్చి ఇతరులకు ప్రమాదము తెచ్చువారికి 2 సంవత్సరముల వరకు ఖైదో, లక్ష రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధించు వీలు 2019 నుండి కలదు.

మరియొక ముఖ్య విషయము. తుపాకిని వాహనములో వదలి పోకుడు. కారు అద్దము పగిలి సంచి పోయినచో నష్టము యజమానిది. తుపాకి పోయినచో ఆ నష్టము ఎవరి ఇంట తేలునో ఎవ్వరికిని తెలియదు. ఒక దొంగతనమునుండి పది దోపిడీలు పుట్టగలవు. కావున ఆయుధము కనబడకపోయిన మరుక్షణమే ఠాణాలో తెలుపవలెను. లైసెన్సుదారునకు ఇది విధి.

నాటు తుపాకి కథ వేరు. దానికి లైసెన్సు లేదు, నాణ్యతకు పూచీ లేదు. మందు ఎక్కువైన గొట్టము పగిలి కాల్చినవాని చేయియే పోవును. చేనిలో వంగియున్న మనిషిని పంది యనుకొని కాల్చిన దుర్ఘటనలు జరిగినవి. లైసెన్సు లేని తుపాకి ఉంచుకొన్నవారికి 2నుండి 5 సంవత్సరముల వరకు ఖైదు, జరిమానా కలవు. పంట రక్షణకు గొట్టము మూతినుండి మందు కూరెడి తుపాకికి లైసెన్సు కోరు వీలు చట్టములోనే ఉండగా దొంగచాటు దారి ఏల?

ఇక పంచాయతి చేయదగిన పనులు. మొదటిది, వీధి దీపములు. ఇది మీ విధులలోనిదే. చీకటి మూలలను, సంత బయలును, బస్సు నిలుచు చోటును మీరే రాత్రివేళ నడచి చూడుడు. రెండవది, బండ్ల పుస్తకము. యజమానుల ఇష్టముతో ఊరి బండ్ల నంబరులన్నియు ఒకచోట వ్రాయించుడు. మూడవది, పహరా. వంతులవారీగా ఇద్దరిద్దరు తిరుగవలెను. వారి చేత టార్చి, ఈల, ఫోను ఉండవలెను, ఆయుధము ఉండరాదు. పహరా సంగతి ఠాణాకు ముందే తెలుపుడు. నాలుగవది, సంతలోను జాతరలోను బండ్లకు ఒకే చోటు, దానికొక కాపలాదారు. అయిదవది, ఊర పనికి వచ్చిన పొరుగు రాష్ట్రపు కూలీల మేస్త్రీల ఫోను నంబరులు పంచాయతిలో నుంచుడు. ఇది వారిని అనుమానించుటకు కాదు, వారిని కాపాడుటకు. వీనినన్నిటిని వచ్చెడి గ్రామసభలో చర్చకు పెట్టుడని నా మనవి.

ఆ ఊరి సంగతి ముగించి సెలవు తీసికొందును. మరునాటి ఉదయము నేను బయలుదేరునపుడు, ఆ యువకుడు పెట్రోలు సీసాతో తన బండి కొరకు తిరిగివచ్చెను. చెంప ఇంకను వాచియున్నది. వార్డు సభ్యురాలి ఇంటిముందు నిలిచి నమస్కరించెను. ఆమె ఆతనికి అన్నము పెట్టినది. రాత్రి కర్ర పట్టినవారు కొందరు తల వంచుకొని నిలిచిరి. కొంత కాలమునకు, ఆ ఊర పోయిన రెండు బండ్లలో ఒకటి దొరికినదని వింటిని. దాని యజమాని ఇంజను నంబరును గోడ పంచాంగముపై వ్రాసియుంచెనట. పోలీసులకు ఆ నంబరే ఆధారమైనది.

తిరిగివచ్చినది నంబరు వ్రాసియున్న బండి. బ్రతికినది నంబరు చూడుమన్న మాటవలన ఒక మనిషి. ఆ కర్రలును, ఆ తుపాకియు ఈ రెంటిలో దేనికిని పనికిరాలేదు. మీ ఊర అట్టి రాత్రి వచ్చినపుడు, ముందుగా నిలిచి అడుగువారు మీరు కావలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.