కడలిలో ఆపత్సంకేతము

2007 ఫిబ్రవరి 9వ తేదీన న్యూజీలాండు తీరమున రేడియోలో ఒక అస్పష్టమైన ఆర్తనాదము వినబడినది. ఆస్ట్రేలియా సాహసికుడు ఆండ్రూ మెకాలీ ఒంటరిగా కయాక్ నడుపుచు టాస్మన్ సముద్రమును దాటవచ్చినవాడు. మరునాడు కయాక్ దొరకినది, మనిషి దొరకలేదు.

కయాక్ అనగా గ్రీన్లాండు మున్నగు ఉత్తర ప్రాంతములందలి ఇన్యూట్ జనులు వేటకై కల్పించుకొన్న సన్నని పడవ. నడుపువాడు దాని నడుమ నడుము వఱకు దిగి కూర్చుండును. అది తలక్రిందులై మనిషి వెలువడినచో, తేలికైన పడవను గాలి ఒక వంకకు కొట్టుకొనిపోవును. మనిషి ఉన్నచోటనే మిగిలిపోవును. శ్రోతలలో ఎవరి కుమారుడైనను, బంధువైనను విదేశములలో ఈ క్రీడకు పూనుకొన్నచో, ఆపత్సంకేతయంత్రమును కొనునపుడు ఈ సంగతినే ముందుగా తలపోయుమని చెప్పుదుము.

అంగడిలో ముఖ్యముగా రెండు జాతులున్నవి. ఈపిర్బ్ అనునది ఓడలకు ఉద్దేశింపబడినది. నీటిలో నిటారుగా తేలుచు 48 గంటలు సంకేతము పంపును. పి.ఎల్.బి. అరచేత ఇముడును, 24 గంటలకు మాత్రమే పూచీ. కాగితముమీద మొదటిదే మేలు. అయినను మేము రెండవదానినే కోరుదుము. పడవతో కొట్టుకొనిపోయిన 48 గంటలకంటె రొమ్మున కట్టుకొన్న 24 గంటలు మేలు గదా! అయితే వీనిలో కొన్ని నీట తేలవు. ప్రాణరక్షణ కవచమునకు త్రాటితో కట్టవలెను. ఏరియల్‌ను విప్పి ఆకాశమువైపు పట్టియుంచవలెను. చలికి కొంకరలు పోయిన వ్రేళ్లతో, ఒంటిచేత, ఆ మూత తెరువగలమా అని కొనకముందే చూచుకొనుట మంచిది.

రెండును 406 మెగాహెర్ట్‌జుల మీదనే పలుకును. అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్సు 1979లో కలసి తలపెట్టిన కోస్పాస్-సర్సాట్ ఉపగ్రహ వ్యవస్థ దానిని ఆలకించును. 121.5 మీద మాత్రమే పలుకు పాతవానిని 2009 ఫిబ్రవరి 1 నుండి ఉపగ్రహములు వినుట మానినవి. చౌకగా వచ్చినను అట్టివి వలదు. ఆ ధ్వని నేడు దగ్గరకు వచ్చిన రక్షకులకు దారి చూపుటకే.

గొంతుతోనే బ్రతుకు మాబోటివారికి వింతగా తోచును గాని, ఈ యంత్రము మాటాడదు. తన సంఖ్యను మాత్రము పంపును. ఆ సంఖ్యను యజమాని పేరిట నమోదు చేయింపనిచో, ఆపదలో ఉన్నది ఎవరో, ఇంటివారిని ఎచ్చట అడుగవలెనో రక్షకులకు తెలియదు. కొన్ని కొత్తవానికి, కేక అందినదని తెలుపు దీపము కూడ కలదు. 2020 నుండి గెలీలియో ఉపగ్రహములు ఈ బదులు పంపుచున్నవి. మన ఇస్రో వారు మత్స్యకారుల పడవలకై చేసిన యంత్రమునకును 2024లో ఇట్టి ఏర్పాటు వచ్చినది. నడిసంద్రమున ఆ చిన్న దీపమెంత ధైర్యమో!

బ్యాటరీ గడువు పెట్టెపై అచ్చువేసి యుండును. వచ్చు వేసవికే గడువు తీరుదానిని సగము ధరకిచ్చినను మేము కొనము.