మా పెరటి కొలను

(ఉగాది సభలో చేసిన ఉపన్యాస పాఠము)



పంచాంగ శ్రవణం అయిన వెంటనే గుంట తవ్వకం గురించి వినమంటున్నందుకు మన్నించండి. కార్యదర్శిగారు "మీకు తెలిసినది ఏదైనా చెప్పండి" అన్నారు. నేను సేద్యగాణ్ణి. నాకు తెలిసినవి మట్టీ, నీరూను. అందులోనూ గడచిన నాలుగేళ్ళుగా నా బుద్ధి అంతా మా ఇంటి వెనుక పెరట్లో తవ్విన ఒక చిన్న కొలనులోనే మునిగి తేలుతున్నది గనుక దాని సంగతే చెబుతాను. ఇంటిల్లిపాదీ ఈత కొట్టడానికి మేము కట్టుకున్న కొలను అది.

మాది హోసూరు పక్క పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో అరవం, సంతలో కన్నడం. మీలో చాలామందికి ఈ సంసారం తెలిసినదే. నా చిన్ననాట మేము ఈత నేర్చినది కపిల బావిలో. నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి, దానికొక తాడు కట్టి, ఆ తాడు కొస మా నాయన చేత పట్టుకొని బావిలోకి తోసేవాడు. బావి గోడలోంచి రాతిమెట్లు చేతులు చాచినట్టు బయటికి వుండేవి. ఎటు ఈదినా నాలుగు బారలలో ఒక మెట్టు దొరికేది. బోరుబావులు వచ్చినాక ఆ బావి ఎండిపోయింది. ఇప్పుడు దానిలో వున్నది చెత్త. మా కొడుకులు సగం నేర్చారు. బెంగుళూరులో నాలుగో అంతస్తులో పెరిగిన మనుమలకు ఈత అంటే ఏమిటో తెలియదు.

ఇక అసలు సంగతి. అయిదేళ్ళ క్రిందట టమాటా తోటకోసం మేమొక పంటకుంట తవ్వించాము. దీనినే కర్ణాటకంలో కృషి హొండ అంటారు, మా వైపు అరవంలో పణ్ణై కుట్టై అంటారు, మహారాష్ట్రంలో వున్నవారు శేత్‌తళె అని వినే వుంటారు. పేరేదైనా వస్తువు ఒకటే: వాలుగా తవ్విన గుంట, లోపల 500 మైక్రాన్ల నల్లని ప్లాస్టిక్ పరుపు. మాది పది అడుగుల లోతు. వేసవి సెలవులకు వచ్చిన మా మనుమడు, పదకొండేళ్ళవాడు, చెప్పులు కడుక్కోబోయి జారాడు. వాడు మునిగిపోలేదు. చేతులూ కాళ్ళూ ఆడించుకుంటూ ఒడ్డు చేరనే చేరాడు. కాని పైకి ఎక్కలేకపోయాడు. ఆ ప్లాస్టిక్ మీద పాచి పట్టి వున్నది. పట్టుకోవడానికి గడ్డిపోచ కూడ లేదు. ఎక్కడం, జారడం, ఎక్కడం, జారడం. తోటలో పనిచేసే మనిషి చూసి, పక్కన చుట్టగా పడివున్న డ్రిప్పు గొట్టం విసిరి వాణ్ణి పైకి లాగాడు. ఇంటికి వచ్చిన తరువాత వాడన్న మాట ఒక్కటే: "తాతా, గట్టు దొరికింది గాని కాలు నిలవలేదు."

ఆ కుంట తవ్వించినవాణ్ణి నేనే. కంచె వేయించని వాణ్ణీ నేనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడే నాలుగు గట్ల మీద రాతి కూసాలు పాతి, అడుగుకొక ముడి వేసిన కొబ్బరి మోకులు నీటి అడుగుదాకా వేలాడదీశాము. కంచె తరువాత వారం వేశాము. ఈ సభలో పంటకుంట వున్నవారు ఎవరైనా వుంటే, నా ఉపన్యాసంలో తక్కిన భాగం వినకపోయినా ఫరవాలేదు, ఈ మోకుల సంగతి మాత్రం రేపే చూడండి. ఈత వచ్చిన మగవాళ్ళు కూడ ఆ ప్లాస్టిక్ వాలు ఎక్కలేక ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు ప్రతి వేసవిలో పేపర్లలో వస్తూనే వున్నవి.

పిల్లలను నీళ్ళ దగ్గరికి పోవద్దని బెదిరించడం ఒక మార్గం. మా ఇంటావిడ అదే చాలునన్నది. నేను మాత్రం వాళ్ళకు ఈత నేర్పవలెననుకున్నాను. నేర్పడానికి బావి లేదు. అందుకని పెరటి కొలను.

కొలను కట్టేవారు లోతు ఎంత, పొడవు ఎంత అని మొదట అడుగుతారు. నేను మేస్త్రీతో అన్నది వేరు. "అయ్యా, దిగే సంగతి తరువాత. ఎక్కడ పడినా ఎట్లా ఎక్కి వస్తారో అది ముందు గీయి" అన్నాను. అతను నన్ను వింతగా చూశాడు గాని గీశాడు.

మొత్తం నీటి వైశాల్యం ముప్పై అడుగులు ఇరవై అడుగులు. ఇందులో ఒక మూల ఇరవై అడుగులు, పదిహేను అడుగులు ఈతకు. తక్కిన సగం, ఎల్ ఆకారంలో, మొక్కలకు. ఈత భాగంలో ఒక కొస రెండడుగుల లోతు. అక్కడికి ఎనిమిదేసి అంగుళాల మెట్లు మూడు, కొలను వెడల్పంతా. అక్కడినుంచి నేల మెల్లగా వాలి రెండవ కొసకు నాలుగున్నర అడుగులవుతుంది. అంతకంటె లోతు నేను ఒప్పుకోలేదు. పైనుంచి తల క్రిందుగా దూకడం మా కొలనులో నిషిద్ధం. ఆ లోతుకు మెడ విరుగుతుంది. లోతు వైపు గోడ పొడవునా, నీటికి రెండడుగుల క్రింద, ఒక అడుగు వెడల్పు అరుగు వున్నది. అలసినవాడు ఎక్కడైనా కాలు ఆనించి నిలబడవచ్చు. చేతికి అందేటట్టు చుట్టూ మోకు. మెట్లకూ అరుగుకూ కృష్ణగిరి వైపు గ్రానైటు రాయే వాడాము, కాని నునుపు చేయనిది. నునుపు రాయి తెస్తానని మేస్త్రీ చాలా పట్టుబట్టాడు. అది చూడటానికి అందం, తడిస్తే యముడు.

నీరు ఇంకకుండా పూర్వం చెరువు బంకమట్టి తొక్కి పూసేవారు. మా నేల ఎర్రమొరం, అది నీటిని నిలవనివ్వదు. అందుకని క్రింద మందపు గుడ్డపరుపు పరచి, దానిమీద ఒక మిల్లీమీటరు మందం ఈపీడీఎం రబ్బరు పరుపు వేశాము. పరుపు కొలతకు ఒక సులువైన లెక్క వున్నది. పొడవుకు లోతును రెండింతలు చేసి కలిపి, గట్టుమీద మడతకు మరి నాలుగడుగులు కలపాలి. మాకు 43 అడుగులు, 33 అడుగులు కావలసి వచ్చింది. గట్టు నాలుగు వైపులా సమమట్టంగా వుండాలి. నీళ్ళు నింపిన సన్నని గొట్టంతో మూడుసార్లు చూశాము, అయినా ఒక మూల అంగుళంన్నర దిగువ అని నీళ్ళు నింపిన నాడు తెలిసింది. మనుషులం అబద్ధమాడవచ్చు గాని నీరు ఆడదు. ఖర్చు ఎంతయిందో మా పెద్దవాడు ఒక కాగితం మీద రాశాడు. ఆ కాగితం మా ఇంటావిడ కంట పడకుండా దాచివుంచాను గనుక ఇక్కడ చదవలేను.

నీళ్ళలో క్లోరిన్ వేయకుండా ఎట్లా శుభ్రంగా వుంటుందని అడుగుతారు. ఇది నేను కనిపెట్టినది కాదు. ఆస్ట్రియా దేశంలో 1980ల నుంచి ఇటువంటి కొలనులు కడుతున్నారు. అమెరికాలో మినియాపోలిస్ నగరంలో 2015లో ప్రజలందరి కోసం ఒకటి తెరిచారు. సూత్రమేమంటే, సగం కొలను మనుషులకు, సగం మొక్కలకు. మా మొక్కల భాగంలో అడుగు మందం కంకర, దానిమీద ఆరంగుళాల నీరు. జమ్ము, తుంగ, వస, కలువ నాటాము. ఒక చిన్న పంపు గంటకు అయిదువేల లీటర్ల చొప్పున ఈత భాగంలోని నీటిని తీసి కంకర క్రింద వదులుతుంది. నీరు కంకర గుండా పైకి వచ్చి, మధ్య గోడ మీదుగా తిరిగి ఈత భాగంలో పడుతుంది. మొత్తం నీరు సుమారు 35 వేల లీటర్లు గనుక ఏడు గంటలకు ఒక చుట్టు. మొక్కలే శుభ్రం చేస్తవని మనమనుకుంటాము. సగం పని కంకర రాళ్ళకు పట్టిన జిగట పొరలోని సూక్ష్మజీవులది.

పంపు గురించి రెండు మాటలు. పంపును నీళ్ళలో పెట్టలేదు, పక్కన పొడి గుంటలో పెట్టాము. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే కరెంటు ఆపివేసే ఆర్‌సీసీబీ పెట్టించాము. పీల్చే మూతులు రెండు పెట్టి, వాటికి ఉబ్బెత్తు జల్లెడలు బిగించాము. ఒకే మూతి వుంటే పిల్లల జుట్టునో చేతినో పట్టి లాగవచ్చు.

మొదటి ఏడు మా కొలను గోంగూర పచ్చడిలా తయారయింది. కారణం వెదకి వెదకి చివరకు ఇంట్లోనే దొరికింది. మా ఇంటావిడ కలువలకు బలం కావాలని తెల్లవారుజామున ఎవరూ చూడకుండా రెండు తట్టల పేడ ఎరువు వేసింది. పైగా వర్షం కురిసినప్పుడు టమాటా మడులలో వేసిన ఎరువు నీళ్ళు గట్టు దాటి వచ్చేవి. పొలంలో భాస్వరం కావాలి గదా అని మనం తెచ్చి పోస్తాము. కొలనులో ఆ భాస్వరమే పాచికి అన్నం. ఇక్కడి సేద్యం తలక్రిందుల సేద్యం: మొక్కలను పస్తులు పెట్టాలి. గట్టును ఆరంగుళాలు ఎత్తు చేసి, చుట్టూ కాలువ తీసి, ఎండిన ఆకులను కోసి బయట పారవేస్తూ వచ్చాము. రెండవ ఏటికి అడుగున రాయి కనిపించింది. చేపలకు తిండి వేయము. గుర్రపు డెక్కను గట్టు దగ్గరికి కూడ రానివ్వము. సబ్బు, నూనె నిషేధం. ఈ ఉదయం తలంటుకొని నూనె వంటితో కొలనులోకి పరుగెత్తిన ఇద్దరు మనుమలను నేను మెట్ల దగ్గర పట్టుకున్నాను. పండుగపూట తిట్టరాదని ఊరుకున్నాను.

భయపడవలసిన సంగతి ఒకటి దాచకుండా చెబుతాను. 2024లో కేరళలో కుంటలలో స్నానం చేసిన కొందరు పిల్లలు మెదడుకు సోకే అమీబా జబ్బుతో చనిపోయారు. ఆ క్రిమి వెచ్చని మంచినీటిలో వుంటుంది. తాగితే రాదు, ముక్కులోకి నీరు ఎక్కితే వస్తుంది. జబ్బు అరుదు, కాని వస్తే బ్రతికేవారు తక్కువ. సరిగా క్లోరిన్ వేసిన కొలనులో ఆ క్రిమి చస్తుంది. మా కొలనులో చస్తుందని నేను చెప్పలేను. అందుకని మార్చి చివరినుంచి వానలు పడేదాకా మా ఇంట్లో తల ముంచడం లేదు, తప్పనిసరి అయితే ముక్కుకు క్లిప్పు. అడుగు బురద రేపడం ఏ కాలంలోనూ లేదు. ఆరు నెలలకొకసారి నీటిని పరీక్షకు పంపుతాము. జర్మనీలో ఇటువంటి కొలనులకు ఇ.కోలి క్రిములు నూరు మిల్లీలీటర్లలో నూటికి మించరాదంటారు, మేమూ ఆ లెక్కే పెట్టుకున్నాము. ఈ జాగ్రత్తలు పాటించలేమనుకునేవారు క్లోరిన్ కొలనే కట్టుకోండి, అందులో తప్పేమీ లేదు.

మరి నీళ్ళో? 2024 మార్చిలో బెంగుళూరులో ఈతకొలనులకు తాగునీరు వాడరాదని ఉత్తర్వు వేశారు. ఆ నెలలో మా మనుమలు బిందెకు వరుసలో నిలబడ్డారు. ట్యాంకరు కొని కొలను నింపేవారికి నేను ఈ పని చేయమని చెప్పను. మేము మిద్దెమీది వాననీరు పట్టాము. వెయ్యి చదరపు అడుగుల మిద్దెమీద ఒక సెంటీమీటరు వాన కురిస్తే సుమారు 900 లీటర్లు. రెండు నెలలు కొలను సగమే వున్నది. పిల్లలు రోజూ వచ్చి కొలిచేవారు. ఎండాకాలంలో రోజుకు అర సెంటీమీటరు ఆవిరవుతుంది, అనగా మాకు దాదాపు 280 లీటర్లు. ఆ నష్టం భరించలేని ఏడు కొలనును ఎండబెడతాము.

కంచె నాలుగడుగులు. తలుపు బయటికి తెరుచుకొని తానే మూసుకుంటుంది. గడియ పిల్లలకు అందదు. కంచె పక్కన కుర్చీ గాని, బోర్లించిన బానగాని వుంచము, ఎక్కి దూకుతారు. 2021లో లోకం మొత్తం మీద సుమారు మూడు లక్షలమంది నీట మునిగి పోయారనీ, అందులో దాదాపు నాలుగవ వంతు అయిదేళ్ళలోపు పసివాళ్ళనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మా ఇంట్లో ఇప్పుడు రెండేళ్ళ పసిది వున్నది. కొలనులో ఎవరున్నా గట్టుమీద ఒక పెద్దమనిషి ఫోను లేకుండా కూర్చోవాలి. ఈ నియమం పెట్టినవాణ్ణి నేను. తరచు తప్పుతున్నవాణ్ణి కూడ నేనేనని మా కోడలు ఇక్కడే కూర్చుని వున్నది, చెబుతుంది.

ఒక చిన్న సంగతి. బెంగుళూరు పిల్లలు మాతో ఇంగిలీషులోనే మాట్లాడేవారు. నీళ్ళలో వున్నవాడికి అంత తీరిక వుండదు. "తాతా, పట్టుకో", "అవ్వా, చూడు", "కాలు అందుతోంది" — ఇవి తెలుగులోనే వస్తున్నవి. నేను నేర్పినవి కావు. బుర్ర కట్టి తాడు పట్టుకున్నప్పుడు మా నాయన నాతో అన్న మాటలే నా నోటి నుంచి వస్తే, వాళ్ళు పట్టుకున్నారు. బార, గట్టు, పాచి, మునక, వెల్లకిల ఈత, ఇవన్నీ వాళ్ళకు వచ్చును. సొరకాయ బుర్ర మాత్రం ఈ ఏడు కూడ మా తోటలోదే.

జారినవాడు ఇప్పుడు కొలనును ఇరవైసార్లు అటూ ఇటూ ఈదుతాడు. పంటకుంట దగ్గరికి మాత్రం ఇంకా రాడు. ఒకనాడు మోకులు మార్చడానికి నాతో రమ్మంటే, కంచె బయట నిలబడి ముడులు లెక్కపెట్టి చెప్పాడు.

మీలో ఎవరికైనా చూడవలెనని వుంటే వచ్చే ఆదివారం మా పల్లెకు దయచేయండి. మా ఇంటావిడ భోజనం పెడతానన్నది. తువ్వాళ్ళు తెచ్చుకోండి, సబ్బు తేవద్దు.