స్టూడియో కోటు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను "సాంకేతికత - సమాజం" మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయం పదినిమిషాల్లో తేలదు. మన ఫేస్‌బుక్ గురించి, వాట్సాప్ గ్రూపుల గురించి రెండు మాటలు చెప్పి కూర్చుంటాను.

మన చిన్నప్పటి ఫొటో స్టూడియో గుర్తుందా? వెనక తెర మీద తాజ్‌మహల్. అద్దం దగ్గర దువ్వెన, పౌడరు డబ్బా. కొక్కేనికి ఒక కోటు, ఒక టై. ఊళ్లో సగంమంది మగవాళ్ల ఫొటోల్లో ఆ కోటే ఉండేది. కొందరికి చేతులు పొడుగు, కొందరికి గుండీ పట్టదు. ఫొటో చూసినవాళ్లు "కోటు నీకే బాగా కుదిరిందిరా" అని నవ్వేవారు. మోసపోయినవాడు ఒక్కడూ లేడు. గొప్పగా కనబడాలనే సరదా అప్పుడూ ఉంది కాబట్టి, ఫోన్లు వచ్చి మనుషులు చెడిపోయారంటే నేను ఒప్పుకోను.

అప్పటి కోటు స్టూడియోవాడిదని అందరికీ తెలుసు. ఇప్పుడది తెలియడం లేదు. పైగా అప్పుడు ఏ నాలుగైదేళ్లకో ఒక ఫొటో, ఇప్పుడు రోజుకు నాలుగు. ఇన్‌స్టాగ్రామ్ 2010లో పుట్టడమే ఫిల్టర్లతో పుట్టింది. అంతకు ముందేడు ఫేస్‌బుక్‌లో లైకు బటన్ వచ్చింది. స్పందన ఎక్కువ వచ్చినదాన్నే ఎక్కువమందికి చూపించడం ఈ యంత్రాల పద్ధతి. దిగులు ముఖానికి అక్కడ గిరాకీ తక్కువ.

సివిల్ ఇంజనీరును కనుక నా భాషలో ఒక మాట. కాంక్రీటు బలం చూడటానికి మేం 150 మిల్లీమీటర్ల క్యూబులు పోస్తాం. శ్రద్ధగా దట్టించి, నీళ్లలో నానబెట్టి, 28 రోజులకు పరీక్షిస్తాం. క్యూబు పాసైనంత మాత్రాన స్తంభం పాసైనట్టు కాదు. స్తంభంలో తేనెపట్టులా ఖాళీలు ఉండొచ్చు, వాటిమీద ప్లాస్టరింగు చేసేసి ఉండొచ్చు. ఫేస్‌బుక్‌లో మనం చూసేవన్నీ క్యూబులు. వాటిని చూసి మన ఇంటి స్తంభాన్ని తిట్టుకుంటాం.

2015లో ఆస్ట్రేలియాలో ఎసెనా ఓనీల్ అనే అమ్మాయి, ఇన్‌స్టాగ్రామ్‌లో 5 లక్షలకు పైగా అనుచరులున్నది, తన ఫొటోల కింద రాతలన్నీ మార్చేసింది. ఏ దుస్తులకు డబ్బు పుచ్చుకుందో, పొట్ట బిగబట్టి ఎన్నిసార్లు తీయించుకుందో రాసిపెట్టింది. చాలామంది మెచ్చుకున్నారు. కొందరు ఇదీ నాటకమే అన్నారు. నిజం చెప్పినా నమ్మని స్థితికి వచ్చాం.

అంత దూరం ఎందుకు, మా బ్యాచ్ గ్రూపులో 62 మందిమి. అందులో ఒకడికి 53వ ఏట ఉద్యోగం పోయింది. అతని అనుమతితోనే చెబుతున్నాను, పేరు మాత్రం అడగకండి. ఏడు నెలలు రోజూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని ఇంట్లోంచి బయటపడేవాడు. పార్కులో కూర్చుని, ఎప్పుడో సింగపూర్ వెళ్లినప్పటి ఫొటోలు ఒక్కొక్కటే పెట్టేవాడు. కింద బొటనవేళ్లు, దండాలు, పూలగుత్తులు వరుసకట్టేవి. "లైకులు పడేకొద్దీ అసలు సంగతి చెప్పడం కష్టమైపోయిందిరా" అని తర్వాత నాతో అన్నాడు. అతను అబద్ధం ఒక్కటీ రాయలేదు. ఫొటోలు నిజమే, సింగపూరూ నిజమే.

కనిపెట్టింది మా లెక్కల మాష్టారు. ఆయన దగ్గర ఉన్నది బటన్ల ఫోను. మనవరాలి పెళ్లికి పిలవడానికి ఫోన్ చేసి, రెండు మాటలు వినగానే, "ఏరా, గొంతు అలా ఉందేం?" అన్నారట. అంతే, అవతల కట్ట తెగింది. నెల తిరక్కుండా మా వాళ్లలో ఇద్దరు కలిసి అతనికి పని చూశారు. మాష్టారు ఇక్కడే ఉన్నారు, నావైపు గుర్రుగా చూస్తున్నారు కూడా.

ఈ సంచికలో చిరునామాల కోసం అందరం ఫారాలు నింపాం కదా. అందులో "ప్రస్తుత హోదా" అని ఒక గడి ఉంది. మా బ్యాచ్‌లో 11 మంది ఆ గడి ఖాళీగా వదిలేశారు. నలుగురు ఇవాళ రాలేదు కూడా. కొందరు రిటైరై ఉండొచ్చు, కొందరికి రాయడం బద్ధకమూ కావచ్చు. నంబర్లు నా జేబులో ఉన్నాయి. భోజనాలయ్యాక వేపచెట్టు కింద కలుద్దాం. తలా రెండు నంబర్లు తీసుకోండి. మెసేజీ వద్దు, ఫోనే చేయండి.