ఉమ్మడి ఆది

(అహోబిలమున జరిగిన వార్షిక మహాసభయందు చదువబడిన ప్రసంగము)



నారసింహక్షేత్రమగు ఈ అహోబిలమున మన సంఘము కూడిన దినమున మాకు మాటలాడు నవకాశము నొసంగిన కార్యనిర్వాహకవర్గమువారికి కృతజ్ఞులము. మేము పండితులము గాము. కత్తెర పట్టిన చేతితోనే ఈ కాగితము వ్రాసికొని వచ్చితిమి. ఇందు దుకాణపు మాటలు దొరలినయెడల పెద్దలు మన్నింతురు గాక. దర్జీలని, మేరవారని, చిప్పోలని ఒక్కొక్కతావున ఒక్కొక్కపేర పిలువబడు మనకందఱకును సూది యొక్కటియే గనుక, ఆ సూదిపనిని గూర్చియే మాటలాడెదము.

నిన్న ఇచటికి వచ్చుచు త్రోవలో ఆళ్ళగడ్డయందు ఒక శిల్పశాలకడ నిలిచితిమి. ఇంకను ఉలి సోకని రాతిపై శిల్పి గీతలు గీయుచుండెను. నాభి యెచట వచ్చునో, మోకాలెచట వచ్చునో ముందుగా నెట్లు తెలియునని యడిగితిమి. విగ్రహపు టెత్తును శాస్త్రము చెప్పినన్ని పాళ్ళుగా భాగింపగా వచ్చిన పాలే అంగుళమని యతడు చెప్పెను. నవతాలమైనచో 108 పాళ్ళు, ఉత్తమ దశతాలమైనచో 124 పాళ్ళు. శిల మూడడుగులదైనను ముప్పదడుగులదైనను లెక్క యొక్కటియే. అంగుళము మాత్రము ఆ విగ్రహముతో పెరుగును, తరుగును. అందుచే దానికి దేహలబ్ధాంగుళమని పేరు. ఈ లెక్క ఏ యొక్క శిల్పి యింటి సొత్తును గాదు. శాస్త్రములందు వ్రాయబడినది, గురువునుండి శిష్యునకు వచ్చినది. కావుననే శిల్పి గతించినను శిల్పము గతింపలేదు.

ఆ మాట వినుచుండగా మాకు మా పెదతండ్రిగారి దుకాణములోని మేకు జ్ఞప్తికి వచ్చెను. ఆ మేకునకు ఖాకీ కాగితపు ఆదుల కట్ట యొకటి వ్రేలాడుచుండెడిది. చొక్కాకు, కోటునకు, రవికకు, పిల్లల గౌనునకు వేఱువేఱు ఆదులు. వానిపై ఆయనకు మాత్రమే తెలిసిన గుర్తులు. ఎవరైనను దాపునకు వచ్చినచో, చేతిలోని సుద్ద క్రిందబెట్టి, కట్టను గోడవైపునకు త్రిప్పెడివారు. కొడుకులకు కాజాలు నేర్పిరి, అంచుకుట్టు నేర్పిరి, మిషను తొక్కుట నేర్పిరి. కత్తిరింపు మాత్రము "రేపు చూతము" అనిరి. ఆ రేపు రాకమునుపే స్వర్గస్థులైరి. కట్ట విప్పి చూడగా కొంత చెదలపాలై యుండెను. మిగిలినదానిపై గుర్తులు ఎవరికిని బోధపడలేదు. ఆయన కుట్టిన కోటును గూర్చి ఊరివారు ఇప్పటికిని చెప్పుకొందురు. అట్టి కోటు మా యింట మఱల పుట్టలేదు. ఆయనను మేము నిందింపము. గుట్టు దాచినగాని కూడు దొరకదని నమ్మిన కాలమున బ్రదికినవారు. కాని ఆ గుట్టు ఆయనను పోషించినదే గాని మమ్ము పోషింపలేదు.

ఇక నేటి మన బల్లలపై జరుగు పని చూడుడు. రవిక కుట్టించుకొన వచ్చిన తల్లి "ఇదిగో ఆది" యని పాత రవిక యొకటి ఇచ్చును. మనము దానిని పఱచి, దాని వెంబడి సుద్దగీత గీసి కత్తిరింతుము. పని సులభమే. కాని ఆ రవిక ఎన్నేండ్ల క్రిందటిదో! ఉతుకులకు ముడుచుకొన్నది, కుట్లు విప్పి వదులు చేయబడినది, తొడుగుకొను నామె యొడలు మాఱినది. దాని చంకలో మొదటినుండి పట్టు ఉన్నచో ఆ పట్టు క్రొత్త రవికకును దిగును. తప్పు తరతరములకు దిగుచున్నది, ఒప్పు చెదలపాలగుచున్నది. చంక పట్టినదని, భుజము జాఱినదని తిరిగివచ్చిన రవికను రాత్రి కూర్చుండి విప్పి కుట్టినందులకు కూలి ఎవరును ఈయరు. అటువంటి చికాకు రెండుమాఱులు పడిన తల్లి మూడవమాఱు రెడీమేడు దుకాణమునకు పోవును. మన దుకాణములు మూతపడుటకు ఇదియు నొక కారణమని మా యనుభవము.

ఆదిని నలుగురికి పంచుట క్రొత్త సంగతి గాదు. అమెరికా దేశమున మసాచుసెట్సు రాష్ట్రములో ఎబెనీజరు బట్టరిక్ అను దర్జీ 1863వ సంవత్సరమున వరుస సైజులలో కాగితపు ఆదులు తయారుచేసి అమ్మసాగెను. మన దేశమున బొంబాయి జరాప్కర్ గారి కత్తిరింపు పద్ధతి గ్రంథము ఎందఱో దర్జీలకు గురువైనది. అచ్చుపద్ధతులలో పెక్కింటికి ఛాతీ కొలతయే మూలము. శిల్పికి తాలమెట్లో దర్జీకి ఛాతీ యట్లు. ఛాతీ 36 అంగుళములైన నాల్గవ పాలు 9, ఆఱవ పాలు 6 అని లెక్కవేసి, దానికి కుట్టుబడి కలిపి గీత గీయుదుము.

కాని విగ్రహము శాస్త్రము ననుసరించి పుట్టును. మనుష్యుడు శాస్త్రము చదివి పుట్టడు. ఛాతీ 36 గల ఇద్దఱు స్త్రీలలో, మోతబరువులు మోసిన యామెకు భుజము 15 అంగుళములు ఉండవచ్చును, రెండవయామెకు పదమూడున్నర యుండవచ్చును. లెక్క యిద్దఱకును ఒక్క రవికనే యిచ్చును. ఈ కొండలయందు నవనారసింహులు వెలసియున్నారు గదా! జ్వాలానరసింహుని రూపము వేఱు, మాలోలుని రూపము వేఱు, యోగానందుని రూపము వేఱు. దేవునికే యొక్క రూపు చాలనప్పుడు మనుష్యులకు మూడు సైజులు చాలునా?

ఈ చిక్కునకు ఇటీవల దొరకిన యుపాయమును మనవి చేసెదము. బెల్జియము దేశస్థుడగు యోస్ట్ డి కాక్ అను నాతడు 2017 ప్రాంతమున ఫ్రీసూయింగ్ అను నుమ్మడి కార్యమును ఆరంభించెను. అచట ఆది యనగా కాగితముగాదు, లెక్క. జావాస్క్రిప్టు అను కంప్యూటరు భాషలో వ్రాసిన లెక్క. ఛాతీ యొక్కటియే గాక, మెడ, భుజము, భుజపు వాలు, నడుము, వెనుక నిడివి మున్నగు కొలతలను వేఱువేఱుగా ఇచ్చినచో, ఆ యొక్క మనిషికి మాత్రమే తగిన ఆదిని యంత్రము గీసియిచ్చును. దానిని ప్రింటరుపై తీసి, కాగితములు అతికించి, బట్టపై పఱచి కత్తిరించుకొనవచ్చును. ఆ లెక్క అందఱకును కనబడునట్లు తెఱచియుంచబడినది. ఎవరైనను చూడవచ్చును, దిద్దవచ్చును, క్రొత్త దుస్తునకు ఆది వ్రాసి చేర్చవచ్చును. ఇష్టమైనవారు పోషకులై చందా లిత్తురు. ఆ విధముగ వచ్చిన సొమ్మును చాలకాలము హద్దులెఱుగని వైద్యుల సంస్థకు దానము చేసిరి. చొక్కా పట్టినదని యొక దేశమువాడు చెప్పిన, దిద్దుబాటు అన్ని దేశములవారికిని చేరును.

ఇది విని మేమును ఉత్సాహపడితిమి. బంధువర్గములోని మఱి రెండు కుటుంబములవారితో కలిసి, రవికకు ఉమ్మడి ఆది యొకటి చేయబూనితిమి. మా మేనల్లుడు కంప్యూటరు చదివినవాడు. మేము కత్తిరింపు చెప్పగా అతడు లెక్క వ్రాసెను. ఆ పనిలో మాకు కలిగిన కష్టములను దాచక చెప్పుటయే మీకు మేలు.

మొదటిది కొలత తగవు. భుజమనగా ఒకరు మెడయెముకనుండి చేతి మొదలువఱకు కొలిచిరి. ఒకరు ఈ కొననుండి ఆ కొనవఱకు కొలిచిరి. లెక్క సరియైనదే, రవిక సరిపడలేదు. కావున టేపు ఎచట పెట్టవలయునో బొమ్మతో వ్రాసికొంటిమి. రెండవది ప్రింటరు. కాగితములో ఇమిడించుటకై యంత్రము ఆదిని కుదించెను. 36 వచ్చుటకు మాఱుగ 34 వచ్చెను. లైనింగుతోసహా నాలుగు రవికలు పాడైనవి. నాటినుండి ప్రతి ఆది మూలను నాలుగంగుళముల చదరము గీయుచున్నాము. ముందుగా దానిపై టేపు పెట్టి చూడనిదే కత్తెర పట్టము. మూడవది దిద్దుబాటు. ఒకామెకు చంక సరిచేయగా మఱి ముగ్గురికి చంక చెడెను. పాత లెక్క చెఱిపివేసియుంటిమి గనుక వెనుకకు పోవుటకు దారి లేకపోయెను. కావున క్రొత్త ఆది వచ్చినను పాతదానిని తేదీతో, మార్చిన కారణముతో భద్రపఱుపవలయును. క్రొత్త దిద్దుబాటును కోరాగుడ్డపై కుట్టి, వేఱువేఱు ఒడ్డుపొడవులవారికి తొడిగి చూచినపిదపనే అందఱకు విడువవలయును.

నాల్గవది అన్నింటికంటె పెద్దది. మేనల్లునకు ఉద్యోగము వచ్చెను. అతడు దూరప్రాంతమునకు పోయెను. ఆఱు నెలలు ఆది వంక చూచిన వాడు లేడు. మెడ దింపవలయునని ఒకరు, చేయి పొడిగింపవలయునని ఒకరు వ్రాసిరి. బదులిచ్చిన వాడు లేడు. పని నిలిచిపోయెను. అతని తప్పేమియు లేదు. కూలిలేని పనిని ఎన్ని రాత్రులు చేయును? అపుడు మాకు తెలిసినది: మా పెదతండ్రిగారి ఆది దాచుటచే చెడెను, మా ఆది చూచువారు లేక చెడెను. తెఱచియుంచుట యొక్కటియే చాలదు. తెఱచిన చెఱువునకును నీరుకట్టు వాడొకడు కావలయును, వానికి గింజలు కొలువవలయును.

ఇచట కొందఱు పెద్దలు మమ్మడిగిరి: "మన విద్యను వీధిలో పెట్టిన పరులు నేర్చుకొనరా?" అని. నేర్చుకొందురు. ఆ మాటను కాదనము. కాని పెద్ద కార్ఖానాలకు తమ ఆదులు తమకు కలవు. మన మేకులకు వ్రేలాడువానికై అవి కాచుకొని యుండలేదు. ఆది కాగితము మీదిది. బట్ట సాగుదల తెలిసికొనుట, క్రాసు త్రిప్పుట, కటోరి పొంకముగ నిలుపుట చేతిలోనివి. ఆది యిచ్చినంతమాత్రమున చేయి పోదు. అయినను జాగ్రత్త యొకటి కలదు. ఫ్రీసూయింగ్ వారు ఎట్లు వాడుకొన్నను అభ్యంతరము లేదను అనుమతినిచ్చిరి. వేఱొక మార్గమును రిచర్డు స్టాల్మన్ గారు చూపిరి. 1983లో స్వేచ్ఛాసాఫ్టువేరునకు పూనుకొన్న ఆయన, దిద్ది పంచువాడు తన దిద్దుబాటును గూడ అదే స్వేచ్ఛతో ఈయవలయునను నిబంధనను లైసెన్సులో వ్రాసిరి. తెలుగు వికీపీడియా వ్రాతలును అటువంటి నిబంధనమీదనే పంచబడుచున్నవి. మన ఆదికి ఈ రెండవ మార్గమే తగునని మా యభిప్రాయము. తీసికొన్నవాడు దిద్దినచో దిద్దుబాటును మరల ఈయవలయును.

మఱియొక్క కట్టుబాటు. మనకడకు వచ్చు తల్లుల కొలతలు వారి సొత్తు. వానిని పేరుతో ఎచటను వ్రాయరాదు, ఎవరికిని చూపరాదు. ఆది అందఱిది, కొలత ఎవరిది వారిదే.

పోషకులారా! ఇపుడు మీతో మనవి. 2023 సెప్టెంబరు 17వ తేదీన కేంద్రప్రభుత్వము ఆరంభించిన విశ్వకర్మ పథకమున 18 వృత్తులలో దర్జీపనియు చేరినది. పనిముట్లకై 15,000 రూపాయలవఱకు సహాయము అందు చెప్పబడినది. సంతోషము. మిషను ప్రభుత్వమువారు ఈయవచ్చును. ఆది మాత్రము మనమే చేసికొనవలయును. మీలో పెక్కురు సత్రములకు గదులు కట్టించిరి. మీ పేరులు చలువఱాతిపై చెక్కబడినవి. గది యొకమాఱు కట్టిన నిలుచును. ఆది యట్టిదిగాదు. ఫ్యాషను మాఱును, బట్ట మాఱును, ఒడలు మాఱును; నెలనెల చూచుకొనవలసినది. కావున ఒక్కమాఱు పెద్దమొత్తము మేము కోరము. ప్రతి పోషకుడును నెలకొక్క రవిక కుట్టుకూలి చందాగా ఇచ్చిన చాలును. ఆ సొమ్ముతో ఇద్దఱు కాపరులను నియమింపవలయును. ఒకరు కంప్యూటరు తెలిసినవారు. రెండవవారు కత్తెర తెలిసిన స్త్రీయై యుండవలయును. రాత్రి పొద్దుపోవువఱకు రవికలు కుట్టుచున్నది మన యింటి ఆడవారే గదా! తప్పు మొదట కనిపెట్టునదియు వారే.

మొదటి సంవత్సరము మూడు ఆదులు చాలును: రవిక, లంగా, బడిపిల్లల చొక్కా. దిద్దుబాటు చెప్పినవారి పేరు, వారు ఇష్టపడినచో, ఆది అంచున వ్రాయుదము. అదియే మన చలువఱాయి. జమాఖర్చును ప్రతి మహాసభయందు అందఱి యెదుట చదువుదము. రెండేండ్లలో ఫలము కనబడనియెడల నిలిపివేయుడు. మేమే మొదట చేయి యెత్తెదము.

ఈ స్వామి సంక్రాంతిపండుగనాళ్ళలో కొండపై కూర్చుండడు. పార్వేటకు బయలుదేరి, నలువది దినములు ఊరూర తిరిగి, వాకిళ్ళకు వచ్చి పలుకరించును. మన విద్యయు మేకునుండి దిగి ఊరూర తిరుగవలయును. మా పెదతండ్రిగారి కట్టలో మిగిలిన నాలుగు ఖాకీ కాగితములను ఈ సభకు తెచ్చితిమి. వెలుపల బల్లపై పఱచియున్నవి. సభానంతరము పెద్దలు దయచేసి చూడుడు. ఆ గుర్తులలో ఒక్కటి మీలో ఎవరికైన బోధపడినచో, మన ఉమ్మడి ఆదిలో మొదటి గీత అదియే యగును.

సెలవు.